కూనవరం దాటాక

భద్రాచలం బజారులో బరకం ధర వింటే ఒళ్లు మండింది. వరదకు ముందు ఎనిమిది వందలున్నది ఇప్పుడు పదిహేను వందలట! గూడు పోయినవాళ్ల నెత్తిన కప్పే గుడ్డ మీద ఈ లాభమేమిటి? బేరమాడే ఓపిక లేక, మిత్రులు పోగుచేసి ఇచ్చిన డబ్బుకు వచ్చినన్ని తీసుకుని జీపులో వేయించాను.

2022 జూలై 16న ఇక్కడ గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఇదే పెద్దది.

ఊరు దాటగానే ఎటపాక, అంటే ఆంధ్ర. ముంచిన నీరు ఒక్కటే అయినా తెలంగాణ వైపు కుటుంబానికి పది వేలు ప్రకటించారు, ఇటువైపు రెండు వేలు. 2014లో ఇటు కలిసిన పంచాయతీల్లో కొన్ని తమను తిరిగి తెలంగాణలో కలపమని రోడ్డెక్కాయి. వాళ్ల కోపం నాకు న్యాయంగానే తోచింది. కూనవరం దగ్గర గోదావరిలో శబరి కలుస్తుంది, అక్కడ బురద చెప్పనలవి కాదు. మిట్టల మీద గుడారాలు వేసుకున్న నిర్వాసితులు పోలవరం ప్రాజెక్టు ముంపుకు రావాల్సిన పరిహారం ప్యాకేజీ ఇచ్చేస్తే వెళ్లిపోతామంటున్నారు. వీళ్లకు కనీసం జాబితాలో పేరుంది.

చింతూరు వైపు అడవిలోకి మళ్లాక ఒక వాగు దగ్గర జీపు ఆగిపోయింది. బరకాలు భుజాన వేసుకుని నడిచాం. అవతల గుత్తికోయ ఆదివాసీల గూడెం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో సల్వాజుడుం, అంటే మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో లేచిన సాయుధ దళం, మొదలయ్యాక అటు మావోయిస్టులకూ ఇటు జుడుంకూ మధ్య నలిగి, కొంపలు వదిలి నడిచి వచ్చినవాళ్లు. 2011లో సుప్రీంకోర్టు జుడుం చెల్లదంది. అయినా వీళ్లు తిరిగి వెళ్లలేదు.

గోదావరి ఇక్కడి దాకా రాలేదు. ముంచింది వాన, వాగు. ఒక గుడిసె గోడకు మట్టంతా జారిపోయి తడిక మాత్రం మిగిలింది. లోపల ఒక పిల్ల సత్తు గ్లాసుతో నేల మీది నీళ్లు తోడి బయట పోస్తోంది. ఉప్పు తడవకుండా ఆకు దొన్నెలో చుట్టి వాసానికి వేలాడగట్టారు. వాగు పొంగినన్నాళ్లూ సంత లేదు, కూలి లేదు.

గూడెం పెద్దను, "సాయం ఏమైనా అందిందా అన్నా?" అని అడిగాను. ఆయన లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి విప్పాడు. ఆధార్ కార్డు.

"ఇది చూపించాను సార్. మీ గూడెం లిస్టులో లేదన్నారు. ఇంటి నంబరు అడిగారు."

రిజర్వు అడవిలో గుడిసెకు నంబరెవరు వేస్తారు? ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన వీళ్లకు ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకడం గగనం, పోడుకు, అంటే అడవి కొట్టి చేసుకునే సేద్యానికి, పట్టా అంతకంటే గగనం. లెక్కలో లేని ఇల్లు కూలితే నష్టపరిహారం ఎవరికి రాస్తారు?

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఆనవాలు లేకుండా పోయింది. తర్వాత ఎవరెవరో వచ్చి పక్కా ఇళ్లు కట్టారు, తుఫాను షెల్టర్లు లేచాయి. అమ్మమ్మను ఏ ఊరిదానివని ఎవరూ నిలదీయలేదు. ఈ పెద్దాయనకు ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ అదే ప్రశ్న.

బరకాలు ఇంటికొకటి చొప్పున సరిపోలేదు. బాలింతలున్న ఇళ్లకు ముందు ఇవ్వమని ఆడవాళ్లే తేల్చారు, ఎవరూ పేచీ పెట్టలేదు. మేం తెచ్చిన బియ్యం కూడా దించబోతుంటే పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"బియ్యం సగం చాలు సార్. విత్తనం ఇప్పించండి. వేసిన వడ్లు వాగు పట్టుకుపోయింది. ఇంకో పది రోజులు దాటితే వేసినా పండదు."

చింతూరులో ఫోను అందగానే డబ్బిచ్చిన మిత్రులందరికీ చెప్పాను, ఈసారి బరకాలకు కాదు, వరి విత్తనానికి పంపమని.