కెనడా తూర్పు దారిలో ఒక రాజుగారి కుటుంబం

బ్రాంప్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి ఈ వేసవిలో మమ్మల్ని కారులో హాలిఫాక్స్ దాకా తీసుకెళ్లాడు. టొరంటో దాటాక 401 హైవే మీద చాలాసేపు చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. కుడివైపు ఆంటారియో సరస్సు ఉంటుంది గానీ అప్పుడప్పుడు తప్ప కనిపించదు. ఈ రాష్ట్రానికి ఆంటారియో అనే పేరు వచ్చింది దాని వల్లే. ఇరోక్వా తెగల భాషల్లో 'పెద్ద సరస్సు' అని కొందరు, 'అందమైన నీళ్లు' అని ఇంకొందరు చెబుతారు. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లాగే నీళ్లను బట్టి వచ్చిన పేరు.

క్యూబెక్ సిటీలో మాత్రం పేరు కళ్లెదుటే ఉంది. పాత ఊరు కొండ మీద ఉంటుంది. ఆ అంచున పొడవాటి చెక్క నడవా, కింద సెయింట్ లారెన్స్ నది. ఇక్కడి అల్గాంక్విన్ తెగవాళ్ల మాటలో కెబెక్ అంటే నది ఇరుకయ్యే చోటు. ఎడమవైపు చూస్తే ఓర్లియాన్ ద్వీపం, ఆ తర్వాత నది సముద్రంలా వెడల్పవుతుంది. మేం నిలబడ్డచోట అవతలి ఒడ్డు కిలోమీటరు దూరం కూడా ఉన్నట్టు లేదు. అక్కడ లెవీ ఊళ్లో ఇళ్ల కిటికీలు కూడా కనిపిస్తున్నాయి. ఇక్కడ ఫిరంగులు పెడితే ఏ ఓడా తప్పించుకుపోలేదు. 1608లో ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ ఊరు కట్టడానికి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోకి దిగాం. బోర్డులన్నీ ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింట్లోనూ ఉన్నాయి. దారంతా అడవి. 1784లో నోవా స్కోషియా నుంచి విడదీసి, బ్రిటన్ రాజు మూడో జార్జి వంశం పేరు దీనికి పెట్టారు. జర్మనీలో బ్రన్స్‌విక్ వాళ్ల పూర్వీకుల ఊరు. రాజధాని ఫ్రెడరిక్టన్ ఆయన రెండో కొడుకు పేరు. వెనక దాటొచ్చిన కింగ్‌స్టన్ కూడా ఆయన గౌరవార్థమే. "అయితే ఇంకా ఎవరెవరు మిగిలారు నాన్నా?" అన్నాడు మావాడు.

మిగిలినవాళ్లు ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో దొరికారు. దాదాపు 13 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన మీదుగా వెళ్లాలి. వెళ్లేటప్పుడు టోల్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే కట్టాలి. అటువైపు మట్టి ఎర్రగా, మన చేలను గుర్తు చేసేలా ఉంది. చాలా చోట్ల బంగాళాదుంప చేలే. రాజధాని షార్లెట్‌టౌన్ రాణిగారి పేరు, ద్వీపం నాలుగో కొడుకు ఎడ్వర్డ్ పేరు. అంతకుముందు సెయింట్ జాన్ ద్వీపం అనేవారు. చుట్టుపక్కల అదే పేరుతో ఊళ్లుండి గందరగోళం కావడంతో 1799లో మార్చారు. అసలు ఇక్కడి మూలవాసులైన మిక్‌మాక్ ప్రజలు దీన్ని ఎపెక్విట్క్ అంటారు, నీళ్లలో పరుచుకుని ఉన్నదని. పటంలో చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. నన్నడిగితే దీన్ని మార్చాల్సిన పనే లేదు.

ఆ జార్జిగారు ఇంగ్లండు దాటి ఎన్నడూ వెళ్లలేదు. ఎడ్వర్డ్ మాత్రం సైన్యం పని మీద క్యూబెక్‌లోనూ హాలిఫాక్స్‌లోనూ ఉన్నాడు. హాలిఫాక్స్ కోట కింద ఉన్న గడియార స్తంభం ఆయన పురమాయించిందే. సైనికులు వేళకు రావడం లేదని ఆయనకు మహా చిరాకుట!

ఆ హాలిఫాక్స్ ఉన్న రాష్ట్రమే నోవా స్కోషియా. అంటే లాటిన్‌లో కొత్త స్కాట్లండ్. 1621లో రాజు జేమ్స్ ఈ నేలను విలియం అలెగ్జాండర్ అనే స్కాటిష్ కవికి లాటిన్ పత్రం రాసిచ్చాడు. ఆ తర్వాత డబ్బు కోసం ఇక్కడి భూములతో కలిపి బారొనెట్ బిరుదులు అమ్మారు. కొన్నవాళ్లు పొలం స్వాధీనం చేసుకోవాలంటే సముద్రం దాటి రావాలి కదా? ఆ ఇబ్బంది లేకుండా ఎడిన్‌బరో కోట ముందున్న నేలనే నోవా స్కోషియాగా లెక్కగట్టి, అక్కడి మట్టి పిడికెడు చేతిలో పెట్టేవారట. బ్రోషర్ చూపించి ప్లాట్లు అమ్మే మన వెంచర్ల వాళ్లు గుర్తొచ్చారు. ఈ కథ చెబితే మా ఆవిడ వెంటనే అడిగింది, "రిజిస్ట్రేషన్ చార్జీలు ఎవరు పెట్టుకున్నారంట?"