సాయంత్రం ఆరు దాటాక

పలాస దగ్గర మా ఊళ్లో పదకొండేళ్లుగా ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. బాలింతల ఇళ్లకు వెళ్లాల్సిన రోజులు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులు. ఆ తర్వాత బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు. వెళ్లడం వరకే నా చేతిలో ఉంది. లోపలికి రమ్మనాల్సింది ఆ ఇంటివాళ్లు.

కొత్తలో ఒక తప్పు చేశాను. ఏడో రోజు ఒక పాపను తూచి, ఇరుగుపొరుగు వాళ్లు వింటుండగానే "బరువు తగ్గిందేమ్మా, పాలు సరిగ్గా పట్టట్లేదా?" అనేశాను. పుట్టిన కొత్తలో బిడ్డ కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా చాలామంది మళ్లీ పుంజుకుంటారు. ఆ మాట చెప్పి ధైర్యమివ్వాల్సిన దాన్ని, ఆ బాలింతను ఏడిపించాను. పద్నాలుగో రోజు వెళ్తే "పడుకుంది" అన్నారు. ఇరవై ఒకటో రోజూ అదే మాట. అప్పటినుంచి బరువు సంగతి తల్లికి మాత్రమే వినపడేలా చెప్తాను.

చాలా ఇళ్లలో గడప దగ్గర ఉండేది అత్తగారే. బిడ్డ ముక్కులో, చెవిలో నూనె పొయ్యొద్దని వెళ్లగానే చెప్తే ఆవిడ ముఖం మాడిపోతుంది. నలుగురిని పెంచిన మనిషి మరి. అందుకే ముందు "పిన్నీ, స్నానం ఎలా పోస్తారు?" అని అడిగి, పక్కన కూర్చుని చూస్తాను. నూనె మాట ఆ తర్వాతే ఎత్తుతాను. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లినవాళ్లయితే అసలు దొరకరు. అక్కడి ఆశాకు ఫోన్ చేసి చెప్తాను.

బిడ్డకు ఆరు నెలలు దాటాక అసలు ఇబ్బంది. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పప్పు ఒలిచే తల్లులకు కిలోల లెక్కన కూలి. నా కోసం గంట ఆగితే ఆ గంట డబ్బులు పోయినట్టే. మీటింగుల్లో "తల్లులకు అవగాహన లేదు" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పదకొండింటికి తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఎవరికి అవగాహన లేదంటాం?

అందుకే వాళ్ల ఇళ్లకు ఆరు దాటాకే వెళ్తున్నాను. మొన్న ఓ అమ్మాయి అప్పుడే పని నుంచి వచ్చి, జీడి మరకలున్న చేతులు రుద్దుకుంటోంది. నేను రిజిస్టర్ తియ్యకముందే "అక్కా, గుడ్డు పచ్చసొన పెట్టొచ్చా? అరగదంటోంది మా అత్త" అంది. మూడు రోజులుగా అడుగుదామనుకుంటోందట. పగలంతా బాబును చూసేది ఆ అత్తే కాబట్టి ఆవిడనూ పిలిచాను. ఉడికిన గుడ్డు తెచ్చి, పచ్చసొన మెత్తగా మెదిపి, గోరువెచ్చని అన్నంలో కలిపాం. మొదటి ముద్ద అత్తగారి చేతే పెట్టించాను.