సింహాచలం మెట్ల నుంచి తక్‌త్సాంగ్ దాకా: ఒక నడక సాధన వివరాలు

జూలై

భూటాన్‌లోని పారో తక్‌త్సాంగ్ బౌద్ధ ఆరామానికి నవంబరులో వెళ్ళాలని ఇంట్లో ఖాయమైంది. ప్రయాణం నేనూ, మా తోటికోడలూ, ఆమె భర్త, అంటే మా మరిదీ. విశాఖలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉండేవాళ్ళం కనుక ముందుగా కొండ లెక్క చూసుకున్నాను. ఆరామం ఉన్నది సముద్రమట్టానికి సుమారు 3,120 మీటర్ల ఎత్తున, పారో లోయ అడుగు నుంచి దాదాపు 900 మీటర్ల పైన, నిట్టనిలువు చరియ అంచున. అయితే వాహనం 2,600 మీటర్ల దగ్గర దాకా వెళ్తుంది కాబట్టి మనం నడిచి ఎక్కవలసింది 500 మీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే సింహాచలం కొండను ఒకే రోజున రెండుమూడుమార్లు ఎక్కినంత. ఈ అంకె చూసి చాలామంది ఇది సులువైన నడకేనని తేల్చేస్తారు. నా లెక్క వేరు: ఎక్కిన ప్రతి మీటరూ అదే రోజున దిగాలి, ఆ దిగడానికి గుర్రం దొరకదు, రోప్‌వే లేదు. అందుచేత ఈసారి సాధన మొత్తం దిగుడు మీదే పెట్టుకున్నాను.

మా ఊళ్ళో అలవాటు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. సింహాచలం కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, వెయ్యికి పైగా మెట్లు ఎక్కి, అప్పన్నను దర్శించుకుని, కిందికి మాత్రం దేవస్థానం బస్సులో వచ్చేస్తాం. ఈ నెల నుంచి నేను బస్సు మానేసి మెట్ల మీదనే దిగుతున్నాను.

ఆగస్టు, సెప్టెంబరు

మెట్లు దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరాలు ఒకవైపు సాగుతూనే మరోవైపు శరీరం బరువును ఆపుతూ ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆయాసం అక్కడికక్కడే తెలుస్తుంది కానీ, దిగినందువల్ల వచ్చే నొప్పి ఆ పూట ఊరుకుని మర్నాడూ ఆ మర్నాడూ బయటపడుతుంది. మేలైన సంగతి ఏమిటంటే, ఒకసారి ఆ నొప్పి భరించి మళ్ళీ దిగితే, అదే దిగుడుకు రెండోసారి అంత నొప్పి రాదు, ఆ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. అందువల్ల వారానికి ఒక పెద్ద దిగుడు, మధ్యలో ఇంటి మెట్ల మీద చిన్న దిగుళ్ళు అనే క్రమం పెట్టుకున్నాను. ఇంట్లో చేసేది ఇంతే: కింది మెట్టు మీద ఒక కాలు నిలిపి, రెండో కాలి మడమను నేలకు తాకించీ తాకించకుండా నిదానంగా దించి మళ్ళీ పైకి తీసుకోవడం. రెయిలింగ్ పట్టుకోవచ్చు, మోకాలు మాత్రం లోపలికి వాలకూడదు.

సింహాచలం మెట్లు నేను చెప్పులు లేకుండానే ఎక్కుతాను కాబట్టి కొత్త షూ అలవాటు చేసుకోవడానికి కైలాసగిరి మెట్లదారిని ఎంచుకున్నాను. షూ కొనేటప్పుడు సాయంత్రం పూట, మందపాటి మేజోళ్ళతో వేసి చూడాలి. దిగేటప్పుడు కాలివేళ్ళు ముందుకు జారి తగిలేటట్లుంటే ఎంత ఖరీదైన షూ అయినా వద్దు. అరసైజు పెద్దది తీసుకున్నాక నా బొటనవేలి గోరు నొప్పి పూర్తిగా పోయింది.

వేగాన్ని కొలవడానికి వాచీ బదులు నేను కంద పద్యాన్ని వాడుతున్నాను. నడుస్తూ నాలుగు పాదాలూ గొంతు తెగకుండా చెప్పగలిగితే ఆ వేగం నాకు తగినది. మూడో పాదం దగ్గర ఊపిరి చాలకపోతే అడుగు తగ్గించాలి. ఆగస్టులో సగం మెట్ల దగ్గరే పద్యం తెగేది. సెప్టెంబరు చివరికి గుడి కనబడే దాకా నిలుస్తోంది.

అక్టోబరు

ఈ నెలలో కాగితాల పని ఎక్కువ, నడక తక్కువ. భూటాన్‌కు భారతీయులు పాస్‌పోర్టు మీద గాని, ఓటరు గుర్తింపు కార్డు మీద గాని వెళ్ళవచ్చు. ఆధార్ చెల్లదు. వీసా అవసరం లేకపోయినా అనుమతి పత్రం కావాలి, దానితోపాటు ఒక్కొక్కరికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిరాభివృద్ధి రుసుము కట్టాలి. ఎన్ని రాత్రులుంటే అన్ని 1,200లు కనుక బడ్జెట్ వేసేటప్పుడు హోటలు కంటే ముందు ఈ పద్దు రాసుకోవడం మంచిది. అక్కడి కరెన్సీ ఎన్‌గుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం, మన నోట్లూ చెల్లుతాయి. వాళ్ళ గడియారం మన కంటే అరగంట ముందుంటుంది, గైడుతో సమయం చెప్పుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

పారోకు నేరుగా విమానాలున్నా, మేము బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి సరిహద్దులో మన వైపున్న జైగావ్ చేరి, అవతల భూటాన్ వైపున్న ఫుంట్‌షోలింగ్ మీదుగా రోడ్డు మార్గాన రాజధాని థింఫూ వెళ్ళే దారి తీసుకున్నాం. ఖర్చు తగ్గుతుంది, పైగా సరిహద్దు ఊరి ఉక్క నుంచి పైన్ చెట్ల చలిలోకి ఒక్క పగటిలో మారిపోవడం కళ్ళారా చూడవచ్చు. ఘాట్ రోడ్డు పడనివాళ్ళు మాత్రం వాంతుల మాత్ర జేబులో పెట్టుకుని ముందు సీటు అడగాలి.

నవంబరు: ముందు థింఫూ, టాంగో

సముద్రతీరంలో ఎంత సాధన చేసినా ఎత్తుకు అలవాటు పడడం మాత్రం అక్కడ కుదరదు. మూడు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 70 శాతమే కనుక ప్రతి శ్వాసకూ అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వంటివి 2,500 మీటర్లు దాటాక కనబడడం మామూలు. దీనికి మేము చేసిన ఉపాయం, తక్‌త్సాంగ్‌ను ప్రయాణం చివరికి నెట్టడం. చాలా ప్యాకేజీలలో విమానం దిగిన మర్నాడే ఈ కొండ పెడతారు. ఏజెంటుతో మాట్లాడి మార్పించుకోవాలి, వాళ్ళు మారుస్తారు. థింఫూ ఎత్తు 2,300 మీటర్ల పైన ఉంటుంది కనుక ముందు అక్కడ ఉండి, ఊరికి ఉత్తరాన ఉన్న టాంగో ఆరామానికి ఒక పూట ఎక్కాం.

టాంగోను రిహార్సల్ కోసమే ఎంచుకున్నా, దానికీ తక్‌త్సాంగ్‌కూ అసలు చుట్టరికమే ఉంది. టాంగోకు ఇప్పుడున్న రూపం 1688లో ఇచ్చినవాడూ, 1692లో తక్‌త్సాంగ్ ఆలయాన్ని కట్టించినవాడూ ఒక్కడే, నాలుగో దేశి (అప్పటి భూటాన్ పాలకుడు) గ్యల్సే టెన్‌జిన్ రబ్‌గ్యే. అడవిలోంచి గంట లోపు ఎక్కుడు. ఇక్కడ నా కంద పద్యం రెండు పాదాలకు తగ్గిపోయింది. ఇది నీరసం కాదు, ఎత్తు ప్రభావం; అడుగు సగం చేసుకుంటే మూడో పాదం కూడా వచ్చింది. ఆ రాత్రి ఎవరికీ తలనొప్పి రాలేదు. ఎమా దత్షి మాత్రం మా మరిదికి చెమటలు పట్టించింది. మిరపకాయలను తాళింపు సరుకుగా గాక కూరగాయగా వండి చీజ్‌లో కలిపే దేశం అది.

నవంబరు: తక్‌త్సాంగ్ ఎక్కిన రోజు

పారో నుంచి ఉదయమే బయలుదేరి ఎనిమిది గంటలకల్లా కొండ కిందికి చేరాం. ఆరామం ప్రవేశానికి టిక్కెట్టు ఇక్కడే కొనుక్కోవాలి, పైన దొరకదు. ఊతకర్రలు కూడా ఇక్కడే అద్దెకిస్తారు. నేను ఒకటి తీసుకున్నాను, ఎక్కడానికి కాదు, దిగడానికి. వేసుకున్నది నిండు చేతుల కమీజ్, లోపల ఒక ఉన్ని బనియను, పైన గాలి ఆపే జాకెట్టు. ఎండ పొడవగానే జాకెట్టు విప్పవలసి వచ్చింది, నీడలోకి వెళ్ళగానే మళ్ళీ తొడగవలసి వచ్చింది. సంచిలో నీళ్ళు, ఖర్జూరాలు, పల్లీపట్టీ, అదనంగా ఒక జత మందపాటి మేజోళ్ళు.

మా తోటికోడలు క్యాంటీన్ దాకా గుర్రం ఎక్కింది. గుర్రాలు సగం దారిలోని ఆ క్యాంటీన్ వరకే వెళ్తాయి, కిందికి ఎవరినీ ఎక్కించుకోవు. నడిచేవాళ్ళు గుర్రాల గంటలు వినగానే లోయ వైపు కాక కొండ వైపుకు జరిగి నిలబడాలి. జంతువు తన దారి తాను చూసుకుంటుంది, పక్కవాళ్ళను చూసుకోదు. దారి మొదట్లో నీటితో తిరిగే ప్రార్థనాచక్రాలు, ఆ పైన పైన్ చెట్ల మధ్య ఎర్రమట్టి బాట. గుర్రాలు తొక్కీ తొక్కీ ఆ మట్టి గోధుమపిండిలా మెత్తని దుమ్మైంది. వానాకాలంలో ఇదే బురదగా మారుతుంది కాబట్టి అక్టోబరు, నవంబరు లేదా మార్చి, ఏప్రిల్ నెలలు మేలు.

క్యాంటీన్‌కు చేరేసరికి గంటన్నర దాటింది. టీ, బిస్కెట్లు, మరుగుదొడ్డి, ఎదురుగా చరియ మీద ఆరామం మొత్తం ఒకేసారి కనబడే చోటు. మోకాళ్ళు బాగా లేనివాళ్ళు ఇక్కడి నుంచి చూసి వెనుదిరిగినా తప్పులేదని మా గైడు చెప్పాడు. నాకూ అలాగే అనిపించింది, ఎందుకంటే అసలు దిగుడు ఇంకా ముందుంది. ఇక్కడి నుంచి మరో గంట ఎక్కితే ఆరామానికి దాదాపు సమానమైన ఎత్తులో, దానికి ఎదురుగా, రెండో వ్యూపాయింట్ వస్తుంది. చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా ఉంటుంది కానీ మధ్యలో లోయ. అక్కడి నుంచి రాతిమెట్లు జలపాతం దాకా దిగి, వంతెన దాటి, మళ్ళీ గుమ్మం దాకా ఎక్కాలి. దిగుడూ ఎక్కుడూ కలిపి ఏడు వందలకు పైగా మెట్లు. తిరుగు ప్రయాణంలో ఇవే మెట్లు తారుమారవుతాయి, అంటే అలసిపోయాక మళ్ళీ ఎక్కాలి. తిరుమల నడకదారిలో చివరన మోకాళ్ళ పర్వతం పెట్టినట్టే ఇక్కడ కూడా కష్టాన్ని తీసుకొచ్చి ఆఖరున పెట్టారు.

మెట్ల ఎత్తు ఒక్కటిగా ఉండదు. ఒకటి జానెడు, తరువాతిది మోకాలి కిందికి వచ్చేంత. పెద్ద మెట్టు దగ్గర నేను చేసిన పద్ధతి: కర్రను ముందు కింది మెట్టు మీద ఆనించి, ఒళ్ళు కొద్దిగా పక్కకు తిప్పి, ముందు బలహీనమైన ఎడమకాలిని దించి, తరువాత కుడికాలిని దానికి జత చేయడం. ఇలా చేస్తే వేగం సగానికి పడిపోతుంది, మోకాలి చిప్ప మీద ఒత్తిడి మాత్రం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి, బలమైన కాలు ముందు. పద్యం ఇక్కడ ఒక్క పాదానికి వచ్చింది. పాదానికొకసారి ఆగి నిలబడి, మళ్ళీ నడిచాను. వంతెన దగ్గర జలపాతపు తుంపర మెట్ల మీద పడి జారుతూ ఉంటుంది, రెయిలింగ్ వదలకూడదు. పక్కనే రాతి చీలికలో ఇరికించి కట్టిన చిన్న ధ్యానకుటీరం ఉంది. దానికి వెళ్ళే నిచ్చెన లాంటి మెట్లు చూశాక మా మెట్ల గురించి ఫిర్యాదు చేయబుద్ధి కాలేదు.

గుమ్మం దగ్గర ఫోన్లు, కెమెరాలు, సంచులు లాకర్లలో పెట్టి లోపలికి వెళ్ళాలి. షూ విప్పాక నేల చల్లదనం అరికాళ్ళకు సూదుల్లా తగులుతుంది, అదనపు మేజోళ్ళు తెచ్చుకున్నది అందుకే. ఎనిమిదో శతాబ్దంలో గురు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరివచ్చి ఈ గుహలో ధ్యానం చేశాడని వారి విశ్వాసం. 1998 ఏప్రిల్ 19న అగ్నిప్రమాదంలో ప్రధాన కట్టడం కాలిపోగా, పాత రూపానికే కట్టుబడి 2005 నాటికి తిరిగి కట్టారు. మేము చూసే గోడలు, గడప, బంగారు రంగు కప్పు ఆ పునర్నిర్మాణానివి. ఇంత బరువైన దూలాలను ఈ అంచుకు చేర్చినవాళ్ళ మోకాళ్ళ గురించే నేను ఎక్కువసేపు ఆలోచించాను. మధ్యాహ్నం కొంతసేపు ఆరామాన్ని మూస్తారు కనుక పదకొండున్నర లోపు గుమ్మం చేరేటట్టు చూసుకోవాలి. లేకపోతే బయట చలిలో కూర్చోవలసి వస్తుంది.

తిరుగుదారిలో క్యాంటీన్‌లో ఎర్రబియ్యం అన్నం, పప్పు, కూర తిన్నాం. అసలు పరీక్ష దాని తరువాత మొదలైంది. తోటికోడలు ఎక్కేటప్పుడు ఎంత తాజాగా ఉందో, దిగేటప్పుడు అంత ఇబ్బంది పడింది. ధూళి మీద పాదం జారుతుంటే ప్రతి అడుగుకూ ఒళ్ళు బిగబట్టుకోవలసి వచ్చింది. "అక్కా, నీ కర్ర ఇటివ్వు, నువ్వు బస్సెందుకు మానేశావో ఇప్పుడర్థమైంది" అంది. కర్ర ఇచ్చాను. ఇద్దరం నిటారుగా దిగకుండా బాట వెడల్పున అటూ ఇటూ వంకరగా నడుస్తూ, మడమ ముందు ఆనించకుండా పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులతో దిగాం. మధ్యాహ్నం మూడు దాటాక వాహనం దగ్గరికి చేరాం.

మర్నాడు, ఆ పైన

పారోలో విశ్రాంతి. పిక్కలు బిగుసుకున్నాయి, తొడ ముందు భాగంలో మాత్రం నొప్పి నామమాత్రమే. జూలైలో మొదటిసారి సింహాచలం మెట్లు దిగిన మర్నాడు పడ్డ బాధలో నాలుగో వంతు కూడా లేదు. అంటే దిగుడు సాధన ఫలించింది, పిక్కల సాధన చాలలేదు. పిక్కలు పట్టేసింది ఎక్కుడులోని పొడుగాటి వాలు వల్ల. మెట్ల మీద మడమ సమంగా ఆనుతుంది కనుక అవి ఎప్పుడూ సాగలేదు. డిసెంబరు నుంచి మెట్లతోపాటు వాలుదారి కూడా కలుపుతున్నాను: బావికొండ, తొట్లకొండ రోడ్లు అందుకు సరిపోతాయి, రెండు వేల ఏళ్ళ నాటి మన బౌద్ధ ఆరామాల దారే అది. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం కూడా రాత్రిపూట చేస్తున్నాను.

వచ్చే ఏడాది వేసవి తరువాత లదాఖ్ ప్రాంతపు జాంస్కార్‌లోని ఫుక్తాల్ గుహారామం చూడాలని ఉంది. అది తక్‌త్సాంగ్ కంటే ఎత్తున ఉంటుంది కాబట్టి ముందు లేహ్‌లో కొన్ని రోజులు ఊరికే కూర్చోవాలి. మరిది అప్పుడే సెలవుల లెక్క వేస్తున్నాడు. తోటికోడలు ఈ వారం నుంచి నాతోపాటు తొలిపావంచాకు వస్తోంది, దిగేటప్పుడు కూడా.