గోరుచిక్కుడు జావ

"మావాడు నూనె బావుల దగ్గర జావ కాస్తాడు" అని అమ్మ చుట్టాలకు చెబుతుంది. తప్పు పట్టలేను.

పశ్చిమ టెక్సస్‌లో, మిడ్‌లాండ్ చుట్టుపక్కల ఫ్రాకింగ్ పనుల్లో, అంటే భూమి లోతున రాతిని పగలగొట్టి చమురు రప్పించే పనుల్లో, జిగురునీళ్లు కలిపే ట్రక్కు నాది. రాతిని పగలగొట్టేది నీటి ఒత్తిడే. కానీ ఆ పగులు మూసుకోకుండా అందులోకి ఇసుక పోవాలి. ఉత్త నీళ్లలో ఇసుక అడుగుకు దిగిపోతుంది కాబట్టి నీళ్లను చిక్కబరుస్తాం. దానికి వాడేది గోరుచిక్కుడు గింజల పొడి. అవును, మనం కొబ్బరి వేసి కూర వండుకునే గోరుచిక్కుడే. ఎక్కువగా రాజస్థాన్‌లో పండుతుంది. 2012లో దాని ధర ఎంత ఎగిసిందంటే, మన దేశంలో దాని ఫ్యూచర్స్ వ్యాపారాన్నే (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే బేరాన్ని) ఆపేశారు.

వెయ్యి లీటర్లకు మూడు కిలోలు చాలు. నేరుగా గుమ్మరిస్తే మాత్రం ఉండలు కడుతుంది. పైన తడిసి లోపల పొడిగా మిగిలే ఆ ఉండలను ఇక్కడ చేపకళ్లు అంటారు. మజ్జిగ పులుసులో శనగపిండిని విడిగా కలుపుకొని పోసినట్టు, మేమూ పొడిని ముందే మినరల్ ఆయిల్‌లో కలిపి తెస్తాం. నూనెలో అది నానదు, నీళ్లు తగలాల్సిందే.

మా సీనియర్ల కాలంలో 500 బ్యారెళ్ల ట్యాంకుల్లో ముందురోజే కలిపి ఉంచేవారట. పని వాయిదా పడిందా, ఆ ఎండకు బాక్టీరియా చేరి జిగురంతా పలచబడి కంపు కొట్టేది. ఇప్పుడు పంపులు నడుస్తుండగానే కలుపుతాం. గదులు గదులుగా ఉన్న ట్యాంకులో ముందు వచ్చింది ముందే బయటికి పోతుంది. ట్యాంకు 200 బ్యారెళ్లు, పంపులు నిమిషానికి 50 లాగుతాయి అనుకుంటే, నానడానికి దొరికేది నాలుగే నిమిషాలు. నాకు జీతమిచ్చేది ఆ నాలుగు నిమిషాలకే. (ఈమధ్య చాలా బావులకు చిక్కటి జిగురు అక్కర్లేదు, పాలియాక్రిలమైడ్ అనే రసాయనం కలిపిన జారుడు నీళ్లతో సరిపెడుతున్నారు. నాకది పనిలా అనిపించదు.)

ఒక జనవరి ఉదయం, చిక్కదనం కొలిచే విస్కోమీటర్‌లో 17 రావలసింది 11 దగ్గరే ఆగింది. నీళ్లు వేళ్లు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఇంకాస్త జిగురు పోయమన్నాడు సూపర్‌వైజర్. నేను ఒప్పుకోలేదు. ఇక్కడ నాననిది బావిలో దిగాక నానుతుంది, అప్పుడు పంపుల మీద పడుతుంది భారం. గ్లాసులో నీళ్లు పట్టి చూస్తే పీహెచ్ ఎనిమిదిన్నర. క్షారం ఎక్కువైన నీళ్లలో గోరుచిక్కుడు మొండికేస్తుంది. ఎసిటిక్ ఆమ్లం పెంచి ఏడు లోపలికి దించాం, పంపుల వేగం 40కి తగ్గించాం. ట్రక్కు చుట్టూ వెనిగర్ వాసన. పది నిమిషాలకు 16 వచ్చింది.

ఇంత కష్టపడి దించిన పీహెచ్‌ను జిగురులో ఇసుక కలిపే బ్లెండర్ దగ్గర మళ్లీ తొమ్మిది దాటిస్తాం, ఎందుకంటే జిగురును ముద్దకట్టించే బోరేట్‌కు క్షారమే కావాలి. కుదిరిందో లేదో చూడటానికి కప్పు వంచుతాం. జిగురు నాలుకలా అంచు మీద వేలాడాలి, కప్పు నిలబెడితే తిరిగి లోపలికి పోవాలి. ఆ రోజు వేలాడింది. ఫోటో తీసి అమ్మకు పంపాను.

"జావ కాదురా ఇది, జున్ను" అని జవాబు వచ్చింది.