మ్యూలియుస్ వేట: ఆ తోక 'ఎర్'దా, 'ఉస్'దా?

పదకొండు రాత్రులు ఒక పాత జర్మన్ చర్చి రిజిస్టరులోని ఒకే ఒక్క పదం ముందు కూర్చున్నాను. నా కొలత ప్రకారం దాని పొడవు 21 మిల్లీమీటర్లు. అది ముల్లర్ అనే ఇంటిపేరో, మ్యూలియుస్ అనే ఇంటిపేరో ఇప్పటికీ తేలలేదు. నిన్న ఒంటిగంటకు లాప్‌టాప్ మూస్తుంటే మా ఆవిడ "మీ మిల్లు ఇంకా తిరుగుతూనే ఉందా?" అంది. తిరుగుతూనే ఉంది, పిండి మాత్రం రాలట్లేదు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది నాయుడుపేట వైపు. 1860లలో హెర్మాన్స్‌బుర్గ్ మిషన్ తరఫున సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతంలో పని మొదలుపెట్టిన జర్మన్ పాదిరి పేరు ఆగస్ట్ మ్యూలియుస్. ఇంగ్లీషు అలవాటున్నవాళ్లు మైలియస్ అంటారు. జర్మన్‌లో ఆ వై అక్షరాన్ని మూతి గుండ్రంగా చుట్టి 'ఈ' అన్నట్టు పలకాలి, తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి 'మ్యూ'తో సరిపెట్టుకుంటున్నాను. జర్మన్ వాడికి రోమన్ చక్రవర్తి పేరులా ఈ 'ఉస్' ఏమిటి అన్న చిన్న అనుమానంతో మొదలైన పని ఇది.

అనుమానం తీరడానికి పది నిమిషాలు పట్టింది, దాని వెనక పడటానికి పదకొండు నెలలు. 15, 16 శతాబ్దాల్లో అక్కడ నాలుగు అక్షరాలు చదువుకున్నవాడు తన ఇంటిపేరును లాటిన్‌లోకో గ్రీకులోకో మార్చుకోవడం ఒక మోజు. ష్వార్ట్‌సెర్ట్ అనే ఆయన మెలాంక్‌తోన్ అయ్యాడు, బావర్ అగ్రికోలా అయ్యాడు, ఫిషర్లు పిస్కాటోర్‌లు, ష్నైడర్లు, అంటే దర్జీలు, సార్టోరియుస్‌లు అయ్యారు. మిల్లు ఆడించే ముల్లర్‌కు రెండు దారులున్నాయి. ఒకటి అచ్చ లాటిన్ మోలిటోర్. రెండోది మిల్లుకు గ్రీకులో ఉన్న మాట తీసుకుని దానికి లాటిన్ తోక తగిలించడం, అదే మ్యూలియుస్. జర్మనీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు లోంచి ఇంత అరుదైన ఇంటిపేరు పుట్టింది.

అందుకే మూలపురుషుడి కోసం వెతకడం మూడో నెలలోనే మానేశాను. 1548లో ఆగ్స్‌బుర్గ్‌లో పుట్టిన గేయోర్గ్ మ్యూలియుస్‌ను తీసుకోండి. కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్ ఒప్పుకోనన్నందుకు 1584లో ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చిన ప్రొటెస్టంట్ పాదిరి ఈయన. పుస్తకాల్లో గేయోర్గ్ ముల్లర్ అని కూడా కనిపిస్తాడు. అదే కాలంలో కొలోన్‌లో పుస్తకాల వ్యాపారం చేసి 1604లో పోయిన ఆర్నోల్డ్ మ్యూలియుస్ ఉన్నాడు. తర్వాతి తరంలో రసవాదం మీద రాసిన యోహాన్ డానియేల్ మ్యూలియుస్ ఉన్నాడు. వీళ్లందరినీ ఒకే చెట్టుకు కట్టిన వంశవృక్షాలు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. కరణం అని ఇంటిపేరున్నవాళ్లందరూ అన్నదమ్ములే అన్నట్టుంది వరస. నా లెక్కలో ఇది ఊరూరా విడివిడిగా పుట్టిన పేరు. మిల్లులున్న చోట కాదు, లాటిన్ బడి, పాదిరి ఇల్లు, యూనివర్సిటీ ఉన్న చోట మొలిచింది.

ఈ నెల విజయాలు: ఈ ఇంటిపేరు జర్మనీలో ఎక్కడెక్కడ ఉందో చూపే మ్యాపు అయిపోయింది, క్యూజిస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, రెండు రంగుల్లో, బాగానే వచ్చింది.

మ్యాపు గురించి ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఎందుకంటే అరుదైన పేర్లతో అందరూ ఇక్కడే బోల్తా పడతారు. జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్ 2005 నాటి ల్యాండ్‌లైన్ కనెక్షన్లతో చేసినది, మనలాంటి వాళ్లం వాడే మ్యాపులూ టెలిఫోన్ డైరెక్టరీల మీదే నిలబడ్డాయి. పది లక్షల మందికి ఎన్ని అని రంగు వేస్తే, 50 వేల జనాభా ఉన్న చిన్న జిల్లాలో రెండు ఫోన్లు ఉన్నా 40 అని ఎర్రగా మండిపోతుంది. 35 లక్షల నగరంలో 30 ఫోన్లున్నా తొమ్మిది దాటదు. ఆ రెండు ఫోన్లూ ఒకే ఇంట్లో తండ్రీకొడుకులవి అయి ఉండొచ్చు. అందుకని ఐదు కంటే తక్కువ ఉన్న జిల్లాలకు రంగే వేయలేదు, చుక్క పెట్టి వదిలేశాను. గ్రీన్‌లాండ్‌లో మ్యూలియుస్-ఎరిక్సెన్ లాండ్ అని ఒక ప్రాంతమే ఉంది, 1907లో అక్కడ చనిపోయిన డెన్మార్క్ అన్వేషకుడి పేరు మీద. పేరు ఎంత దూరం పోయిందో అని ముచ్చటేసింది కానీ మ్యాపులో పెట్టలేదు. ఫ్రాంక్‌ఫుర్ట్‌లో పుట్టిన హైన్రిష్ మ్యూలియుస్ మిలాన్ వెళ్లి ఎన్రికో అయ్యాడు, పట్టు వ్యాపారం చేసి 1854లో పోయాడు, కోమో సరస్సు దగ్గర ఆయన విల్లా ఇప్పుడు జర్మన్-ఇటాలియన్ కేంద్రం. ముందుపేరు ఇటాలియన్ అయింది, ఇంటిపేరు చెక్కుచెదరలేదు. లాటిన్ తోక ఉన్న పేరుకి ఆ సౌకర్యం ఉంది, ఏ దేశం వెళ్లినా పరాయిదిగా కనిపించదు.

సరే, ఇక అసలు ఏడుపు.

జర్మనీలోని తూరింగియాలో ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను, ఆ కుటుంబం వాళ్లు ఇంకా ఉన్నారు. 1630ల బాప్తిస్మ రిజిస్టరు, ముప్ఫై ఏళ్ల యుద్ధం నడుస్తున్న రోజులు. ఒకే మనిషి పిల్లలవి మూడు బాప్తిస్మాలు కనిపించాయి. 1631లో తండ్రి పేరు ముల్లర్, కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో, శుభ్రంగా. 1638లో మ్యూలియుస్, లాటిన్ రాతలో, పక్కన బడిపంతులు అని లాటిన్‌లో హోదాతో సహా. మధ్యలో 1635లో ఒకటుంది, హోదా లేదు. అక్కడ పేరు ముల్లర్ అయితే, పంతులు ఉద్యోగంతోపాటే పేరు మారిందని అర్థం. మ్యూలియుస్ అయితే ఉద్యోగం రాకముందే, చదువుతోనే మారింది. నా సిద్ధాంతం మొత్తం ఈ ఒక్క పదం మీద వేలాడుతోంది, దాని మీదేమో నీటి మరక.

స్కాన్ నిలువు 3000 పిక్సెళ్లు. కాగితం 33 సెంటీమీటర్లు అనుకుంటే మిల్లీమీటరుకు 9 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 230 చిల్లర (230 డీపీఐ). చిన్న అక్షరాల ఎత్తు 18 పిక్సెళ్లు. మొదటి అక్షరం ఎం, అందులో గొడవ లేదు. లాటిన్ పేరు రాసేటప్పుడు రాసేవాడు లాటిన్ రాతకు మారతాడు కదా, ఎం ఆకారం చూస్తే తేలిపోతుంది అనుకున్నాను. ఈ మహానుభావుడు మార్టినుస్ అనే లాటిన్ పేరుకూ మిషెల్ అనే జర్మన్ పేరుకూ ఒకే ఎం వాడాడు. రెండో అక్షరానికి కింద తోకలాంటిది 20 పిక్సెళ్లు దిగి మరకలో కలిసిపోయింది. అది వై తోక కావొచ్చు, మరక అంచు కావొచ్చు. పైన రెండు చుక్కలున్నాయి, కానీ ఆయన వైకీ చుక్కలు పెడతాడు, ఉమ్లౌట్‌కీ (ముల్లర్‌లో యు మీద రెండు చుక్కలుండే జర్మన్ అక్షరానికి) పెడతాడు.

మూడోది ఎల్. ఒకటా రెండా? ముల్లర్‌లో రెండు నిలువు గీతలుండాలి, మ్యూలియుస్‌లో ఒకటే. నాకు ఒకటి స్పష్టంగా, ఇంకొకటి దెయ్యంలా కనిపిస్తున్నాయి. ఆ దెయ్యం గీతకు సరిగ్గా పైన, పై వరుసలో, 'చిన్ని కూతురు' అనే మాట ఉంది, దానిలో హెచ్ ఉంది, కుర్రెంట్‌లో హెచ్ కాలు వరుస కిందికి దిగుతుంది. కాబట్టి ఇది ఎల్ కాదు, పైనుంచి జారిన హెచ్ కాలే అని సంబరపడ్డాను. తర్వాత అదే పేజీలో ఇంకో పదకొండు హెచ్‌లు కొలిచాను. సగటు 38 పిక్సెళ్లు, అన్నిటికన్నా పొడుగుది 44. ఈ గీత పై వరుస నుంచి కింది అక్షరాల నెత్తి దాకా రావాలంటే 62 కావాలి. హెచ్ కాలు ఒక్కటే అంత దూరం రాదు. ఈయన ఎల్ ఎత్తు 40 నుంచి 46. వరుసల మధ్య దూరం 80. 38కి 44 కలిపితే 82. అంటే పైనుంచి హెచ్ కాలు, కిందనుంచి ఎల్ నెత్తి ముద్దు పెట్టుకున్నాయి, ఇద్దరూ ఉన్నారు, ముల్లర్!

కాదు. వెనక పేజీని అద్దంలో తిప్పి చూస్తే సరిగ్గా అక్కడే ఒక పొడుగు ఎస్ ఉంది. సిరా ఇటువైపు ఊరి ఎల్‌లా కనిపిస్తుండొచ్చు. వెనక పేజీ బొమ్మను ముందు దానిలోంచి తీసేద్దామని జింప్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో ఆరు బిందువులు పట్టుకుని సరిపెట్టాను. కాగితం వంకర తిరిగి ఉంది, నాలుగైదు పిక్సెళ్ల తేడా మిగిలింది. గీత మందమే ఐదు పిక్సెళ్లు. ఇక తీసేసేది ఏముంది, కొత్త దెయ్యాలు పుట్టాయి. నీలం ఛానల్ ఒక్కటే చూస్తే సిరా బాగా లేస్తుంది, మరకా అంతే నల్లగా లేస్తుంది. ఎరుపులో మరక మాయమవుతుంది, వెళ్తూ వెళ్తూ సగం సిరాను వెంట తీసుకెళ్తుంది.

ఇక చివరి తోక. పాత రాతగాళ్లు 'ఉస్'ను పూర్తిగా రాయకుండా 9 అంకెలాంటి గుర్తు పెట్టేవాళ్లు. 'ఎర్'కు పైకి తిరిగిన కొక్కెం. మన పాత పుస్తకాల్లో ధర్మమును 'ధమ౯ము' అని వేసినప్పుడు ఆ వలపలగిలక ఎలా ఉంటుందో ఈ 9 అలాగే కనిపిస్తుంది, మొదటిసారి చూసి నవ్వొచ్చింది. ఈ పేజీలో నికరంగా 'ఉస్' గుర్తులు ఆరు, అన్నిటికీ మూసిన ముడి. 'ఎర్' కొక్కేలు నాలుగు, అన్నీ తెరిచి ఉన్నాయి. నా పదంలో ముడి ఉందా అంటే, అక్కడ సిరా ముద్ద ఉంది. మూసిన ముడిలోనే సిరా నిండుతుందని నా వాదన. దాన్ని పరీక్షించడానికి ముంచి రాసే పాళీతో ఒక్కోటి 40 సార్లు రాశాను. 'ఉస్'లో 13 ముద్ద కట్టాయి, 'ఎర్'లో 3. బాగానే ఉంది, కాకపోతే నాది స్టీలు పాళీ, ఆయనది బాతు ఈక, పైగా నా కాగితం జిరాక్సు కాగితం.

ఆటోమేటిక్‌గా చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ ఒకదానికి ఇచ్చాను. అదే పదాన్ని మూడుసార్లు కొంచెం కొంచెం తేడాగా కత్తిరించి ఇస్తే మూడు పేర్లు చెప్పింది, అందులో ఒకటి వైలర్. వరసగా పేజీలు చదివించడానికి ఇవి పనికొస్తాయి, ఒక్క పదం తేల్చడానికి పనికిరావు, నా అభిప్రాయం. తూరింగియాలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడకు మెయిల్ చేస్తే పది నిమిషాల్లో "ముల్లరే, ఇందులో సందేహం ఏముంది" అని రాశారు. ఆవిడకు ఎప్పుడూ దేనిమీదా సందేహం ఉండదు. ప్రస్తుతానికి నేను 55 శాతం ఉస్, 45 శాతం ఎర్. పొద్దున కాఫీ తాగాక తిరగబడుతుంది.

ఇదంతా చేస్తుంటే ఇంకో తప్పు బయటపడింది, అది పూర్తిగా నాదే. పదినెలలుగా ఇండెక్సుల్లో మ్యూలియుస్ అనే వెతుకుతున్నాను. లాటిన్ పేరుకు లాటిన్ విభక్తులు తగులుతాయి కదా! ఆర్నోల్డ్ అచ్చువేయించిన పుస్తకాల ముఖపత్రం మీద 'ఆర్నోల్డి మ్యూలీ ఖర్చుతో' అనే ఉంటుంది, అది షష్ఠి. వేటూరు వేటూరి అయినట్టు, కందుకూరు కందుకూరి అయినట్టు. యాకోబి, పేట్రి, పౌలి అనే జర్మన్ ఇంటిపేర్లు కూడా ఇలా 'ఫలానావారి' అన్న షష్ఠి గడ్డకట్టినవే. కందుకూరి నోట్లో నానిన తెలుగువాడికి ఇది మొదటి రోజే తట్టాలి, తట్టలేదు. ఆడవాళ్ల పేర్లకైతే చివర 'ఇన్' చేరుతుంది, 18వ శతాబ్దం దాకా అది మామూలే. దానికి తోడు ఐ, యు పక్కపక్కన పడితే మూడు నిలువు గీతలు, ఇండెక్సు చేసినవాళ్లు మ్యూలిన్స్ అని చదివేశారు. ఇప్పుడు నా జాబితాలో 23 రూపాలున్నాయి, మొదటి నుంచి అన్నీ మళ్లీ వెతకాలి.

ముందు మాత్రం ఆ పేజీ సంగతే. ఆ పదాన్నే చూస్తూ కూర్చుంటే తేలేది కాదు, పక్కదారి పట్టాలి. ఈ మనిషి 1633 నుంచి 37 దాకా వేరేవాళ్ల పిల్లలకు జ్ఞానపితగా, అంటే బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలిచే పెద్దగా, నిలబడి ఉంటాడు, పంతుళ్లను పిలవడం రివాజు. దాదాపు 140 పేజీలున్నాయి, రోజుకు నాలుగు చొప్పున వేసుకున్నా నెల దాటుతుంది. యేనా, ఎర్ఫుర్ట్, లైప్‌జిగ్, విట్టెన్‌బెర్గ్ యూనివర్సిటీల ప్రవేశ పట్టికలు అచ్చులో ఉన్నాయి, చదివినవాడైతే అక్కడ ఏ పేరుతో చేరాడో దొరకాలి. యేనాతో మొదలుపెడతాను, ఊరికి దగ్గర. ఆ చర్చి ఆర్కైవుకు 600 డీపీఐ ఫోటో కోసం ఉత్తరం కూడా రాస్తున్నాను. నా జర్మన్‌తో "దయచేసి" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది, రెండు తీసేయాలి.

సార్టోరియుస్ మ్యాపు కూడా వేసి మ్యూలియుస్ మ్యాపు పక్కన పెట్టాలని ఉంది. దర్జీలూ మిల్లువాళ్లూ ఒకే బడుల్లో చదివారో లేదో చూడాలి. సంక్రాంతికి ఎలాగూ ఊరు వెళ్తున్నాను, నాయుడుపేటలో ఒక పూట కెమెరాతో తిరుగుతాను. ఈలోగా ఎవరికైనా 1630ల 'ఉస్' గుర్తులు, సిరా ముద్ద కట్టినవి, స్కాన్‌లు ఉంటే పంపండి. ఆరు నమూనాలతో ఏం తేలుతుంది, కనీసం ముప్ఫై కావాలి.