బిడ్డ చెవిలో పడే తెలుగు

కడపలో ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ రెండూ వినబడతాయి. రెండు భాషలు వింటే బిడ్డకు మాట ఆలస్యమవుతుందని చాలామంది భయం. అలా కాదు. మనిషి మాటకు బదులు ఫోను పెట్టడమే చెరుపు చేసేది.

1984లో వర్కర్, టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్లలోని పసిపిల్లలకు హిందీ ట, త శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పసిగట్టారు. పది, పన్నెండు నెలలకొచ్చేసరికి ఎక్కువమందికి అది తెలియలేదు. వాళ్ల చెవి చెడలేదు, తన ఇంటి భాషకు అక్కరలేనిదాన్ని వదిలేసింది. మన బిడ్డలు రోజంతా పాట, పాత వింటారు గనక ఆ తేడా నిలబడుతుంది.

2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు 12 సార్లు చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాల తేడా పట్టారు. అదే మాటలు వీడియోలో చూసినవాళ్లకు ఏమీ ఒంటబట్టలేదు.

అందుకే నీళ్లు పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు మొహం చూసి మాట్లాడండి. బిడ్డ ‘తుక్క’ అంటే ముద్దొచ్చి మీరూ తుక్క అనొద్దు, తప్పని ఆపొద్దు. ‘అవునురా, కుక్క. నల్ల కుక్క’ అని ఒక మాట చేర్చి, బదులు కోసం కాసేపు ఆగండి. ‘వాటర్ తాగు, డాగ్ చూడు’ లాంటి తెంపు మాటలే వింటే క్రియల రకరకాల రూపాలు బిడ్డ చెవిన పడవు. తాగినాడు, తాగుతాండాడు, తాగనీ, తాగొద్దు: తెలుగు బలమంతా ఈ క్రియల చివర్లలో ఉంది. జేజి (నాయనమ్మ) నిండుగా మాట్లాడే యాసలో అవన్నీ దొరుకుతాయి.

‘మనం సంతకు పోదాం’, ‘మేము సంతకు పోతాండాం’. వినేవాడు కలుస్తాడా లేదా అన్నది తేల్చుకోకుండా తెలుగులో ‘మనం’ అనాలో ‘మేము’ అనాలో తెలియదు. చిన్నాయన, పెద్దనాయన, మామ అనాలంటే వరస, వయసు తెలియాలి. ఇంగ్లీషువాళ్లకు ఇవి అర్థం కావని కాదు, వాళ్ల భాష ప్రతిసారీ అడగదంతే. అందరినీ ‘అంకుల్’ చేస్తే మన బిడ్డకూ ఆ గమనింపు అలవాటు కాదు.

ఏడాదికి ‘బబబ, దదద’ లేకపోయినా, వేలుపెట్టి చూపకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ రా’ లాంటి జంట మాటలు లేకపోయినా ‘మగపిల్లోడు, నిదానంగా వస్తాయిలే’ అని ఊరుకోవద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవుడున్న బిడ్డ కూడా తొలి నెలల్లో ‘ఉంగా’ అంటుంది, అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. తలకు తీగలు అంటించి వినికిడి చూసే బెరా (BERA) పరీక్షకు బిడ్డ నిద్రలో కదలకుండా ఉండాలి. ఆ పొద్దున పడుకోనీయకుండా తీసుకుపోయి, అక్కడే పాలు పట్టి నిద్రపుచ్చండి. నిద్రమందు ఇవ్వాలని డాక్టరు ముందే చెప్పి ఉంటే మాత్రం పాలు ఎప్పుడు ఆపాలో అడిగి అలాగే చేయండి.