మడమ కింద తువ్వాలు

ఈ రోజుతో మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి 43 రోజులు. పొద్దున్న మెలకువ రాగానే, కళ్లు తెరవక ముందే, చెయ్యి కుడి మోకాలి మీదకు వెళ్లింది. ఇంకా వేడిగానే ఉంది, కాని నిన్నటంత లేదు. దుప్పటి తీసి చూశాను. నిన్న వాపులో మునిగిపోయిన మోకాలి చిప్ప అంచు ఈ రోజు లోపలి వైపున సన్నగా కనిపిస్తోంది. ఆ గీత చూడగానే ప్రాణం లేచివచ్చింది.

నిన్నటి వాపు నేను కోరి తెచ్చుకున్నదే. మొన్న సాయంత్రం, ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఉన్నావిడ ఫోను చేశారు. నాకు జరిగిన మర్నాడే ఆవిడకూ మోకాలి మార్పిడి జరిగింది. చేతికర్ర వదిలేసి వారమైందట. ఒక్కో మెట్టుకు ఒక్కో పాదం వేస్తూ మామూలుగా పైకి ఎక్కేస్తున్నారట. ఆవిడ ఎంతో సంతోషంగా చెప్పారు, నేనూ సంతోషంగానే విన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం మనసు నిలవలేదు. నేనింకా ఎడమ చేతిలో కర్ర పట్టుకునే నడుస్తున్నాను. మెట్టు ఎక్కాలంటే ముందు ఎడమ కాలు, తర్వాత దాని పక్కకు కుడి కాలు. దిగాలంటే ముందు కుడి కాలు. రాత్రంతా ఇదే ఆలోచన.

నిన్న పొద్దున్నే కర్రను మూలన పెట్టి, రోజూ నడిచేదానికి రెండింతలు నడిచాను. నాలుగు సార్లు మెట్లెక్కి దిగాను. నడుస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నానికి మోకాలు బిగుసుకుంది. సాయంత్రానికి చర్మం లాగిపెట్టినట్టు నున్నగా మెరిసింది. పిక్క నొక్కితే నొప్పి ఉందా, జ్వరం ఉందా, మచ్చ చుట్టూ ఎరుపు పాకిందా, ఎక్కడైనా కారుతోందా అని మా అమ్మాయి ఒక్కొక్కటే చూసింది. పిక్కలో రక్తం గడ్డకట్టినా, కీలులో చీము పట్టినా ఒక్క పూట కూడా ఆగకుండా రావాలని ఇంటికి పంపే రోజున డాక్టరు గట్టిగా చెప్పారు. అవేమీ లేవు, ఉన్నది వాపు ఒక్కటే. కాలు ఎత్తులో పెట్టి, గుడ్డ చుట్టిన ఐసు సంచి 20 నిమిషాలు ఉంచి తీసింది. "ఎవరితో పోటీ పడ్డావమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ రోజు పదింటికి ఫిజియోథెరపిస్టు వచ్చింది. వయసులో మా అమ్మాయి కన్నా చిన్నది, చేతులు మాత్రం ఎంతో అనుభవం ఉన్నవి. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో చూపే గోనియోమీటర్ పెట్టి కొలిచింది. పోయిన వారం 98 డిగ్రీలు వంగిన మోకాలు ఈ రోజు 92 దగ్గర ఆగింది.

"ఆరు డిగ్రీలు పోయాయి" అన్నాను.

"ఎక్కడికీ పోలేదమ్మా. వాటి చోటులో వాపు కూర్చుంది. అది లేస్తే అవే వస్తాయి."

నిన్న సాయంత్రం కాలు తిన్నగా చాపి పైకెత్తబోతే ఎందుకు లేవలేదో కూడా చెప్పింది. కీలులో వాపు ఉంటే తొడ ముందు కండరానికి అందే ఆజ్ఞే తగ్గిపోతుందట. ఆ కీలును కాపాడుకోవడానికి శరీరమే కండరాన్ని పట్టి ఆపుతుందట. అంటే నిన్న నేను చేసిన అదనపు నడక కండరానికి బలమివ్వకపోగా, దాన్ని ఒక రోజంతా పనిలోంచి తప్పించింది.

ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో, ఎంత చాపగలిగేదో, తర్వాత వచ్చేదీ చాలావరకు దాన్ని బట్టే ఉంటుందని కూడా అంది. తొమ్మిదేళ్లు నేను ఈ కాలిని పూర్తిగా చాపలేదు. నొప్పికి భయపడి కాస్త వంచే నడిచాను. పక్క మంచం ఆవిడ మోకాలు ఎక్కడ బయలుదేరిందో నాకు తెలియదు. నాది మాత్రం చాలా వెనక నుంచి బయలుదేరింది.

ఇది రాస్తున్నప్పుడు నాకు నేను ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నిదానం పేరు చెప్పి పడుకుంటే ఈ కీలు ఒప్పుకోదు. కదలకపోతే లోపల మచ్చ కణజాలం గట్టిపడుతుంది. వారాలు గడిచినా వంగకపోతే మత్తు ఇచ్చి డాక్టరే వంచాల్సి రావచ్చు. చదును నేల మీద నడవడానికి 65, 70 డిగ్రీలు వంగితే సరిపోతుంది, కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలి. ఆ 90 నాకు వచ్చింది, దాన్ని పోగొట్టుకోను. అందుకే ఈ రోజు కూడా నడిచాను. ఒక్కసారి అరగంట కాకుండా, ఏడేసి నిమిషాలు నాలుగు సార్లు. కర్ర పట్టుకునే.

నాకు వంగడం కంటే చాపడమే కష్టం. ఇంకా ఐదు డిగ్రీలు మిగిలింది. కాలు పూర్తిగా తిన్నగా రాకపోతే నిలబడినంతసేపూ తొడ కండరానికి విశ్రాంతి ఉండదు, నడకలో కుంటు మిగిలిపోతుంది. మొదటి రెండు వారాలు రాత్రిళ్లు అందరూ పడుకున్నాక మోకాలి కింద దిండు పెట్టుకునేదాన్ని. వద్దని చెప్పారు. అయినా వాచిన కీలుకు కాస్త వంగి ఉంటేనే హాయి, ఆ హాయికి లొంగిపోయాను. దానికి బాధపడుతున్నాను.

ఇప్పుడు దిండు లేదు. చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టి, మోకాలి కింద ఖాళీ వదిలి, పది నిమిషాలు ఊరికే ఉండాలి. మొదటి నిమిషం ఏమీ తెలియదు. మూడో నిమిషానికి మోకాలి వెనక కండరాలు తాళ్లలా బిగుస్తాయి. పళ్లు బిగబట్టకూడదు, బిగబడితే తొడ కూడా బిగుస్తుంది. ఊపిరి వదులుతూ ఉండాలి. ఏడో నిమిషం ప్రాంతంలో, నేనేమీ చేయకుండానే, లోపల ఏదో సడలి కాలు ఒక్క నూలుపోగంత కిందికి దిగుతుంది. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన క్షణం అదే.

లోపల పెట్టినది కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహం, దాని కింద గట్టి ప్లాస్టిక్ దిమ్మె. నడుస్తుంటే అప్పుడప్పుడు టక్కుమంటుంది. మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. లోహం మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉంది. ఆలస్యమవుతున్నది దాని చుట్టూ ఉన్న నా కండ, నా చర్మం. మచ్చకు బయటి వైపు అరచేతి వెడల్పున తిమ్మిరి ఉంది. వేలితో రాస్తే మధ్యలో గుడ్డ అడ్డున్నట్టు ఉంటుంది. కోతలో చర్మపు నరాలు తెగడం వల్ల అలా అవుతుందట, ఆ మేర నెలల మీద కాస్త తగ్గుతుంది, కొంత ఎప్పటికీ ఉండిపోవచ్చు. స్నానం తర్వాత రోజూ అక్కడ కాసేపు చెయ్యి పెట్టి ఉంచుతాను. ఈ భాగం నాది అని కాలికి తెలియాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు తువ్వాలు తీసి, కాలిని పరుపు మీద చాపి, మోకాలి కిందికి చెయ్యి పోనిచ్చాను. మొదటి వారంలో ఆ సందులో పిడికిలి పట్టేది. పోయిన వారం అరచెయ్యి ఇటు నుంచి అటు వెళ్లింది. ఈ రోజు వేళ్లు వెళ్లాయి, కణుపుల దగ్గర చెయ్యి ఆగిపోయింది.